పది పూసల నిజం

ఆ రోజుల్లో గోదావరిఖనిలో అబద్ధమాడనివి రెండే ఉండేవని నా గట్టి నమ్మకం. ఒకటి షిఫ్టు సైరన్, రెండోది మా అత్తమ్మ. సైరనైనా ఎప్పుడో ఒకసారి రెండు నిమిషాలు అటూ ఇటూ కూసేదేమో గాని, అత్తమ్మ మాత్రం కూసేది కాదు. ఇక అబద్ధాల సంగతికొస్తే, బెల్లంపల్లి నుంచి రామగుండం దాకా నాతో పోటీకి నిలబడగల మొనగాడు లేడు. (చూశారా, మొదటి పేరాలోనే మొదలుపెట్టాను. బెల్లంపల్లికి నేను పోయింది ఒక్కసారే, అదీ ఎవరిదో పెళ్లి భోజనానికి. మా గది నుంచి గని గేటు దాకా అని దిద్దుకోండి.) ఇప్పుడు డెబ్బై దాటాయి. పళ్లతో పాటు సిగ్గు కూడా చాలావరకు ఊడిపోయింది కనుక ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను. ఎక్కడైనా చెయ్యి జారితే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

అప్పటికి ఆమె నాకు అత్తమ్మ కాదు. గని గేటు ఎదురుగా రేకుల కప్పు కింద నాలుగు బెంచీలు, ఒక బొగ్గుల పొయ్యితో హోటల్ నడిపే కతోలిక ఇల్లాలు. భర్త దగ్గుతో పోయాక ముగ్గురు పిల్లలను ఆ పొయ్యి మీదే పెంచింది. కుడి చేతిలో గరిటె, ఎడమ చేతిలో జపమాల. అందుకే కార్మికులంతా జపమాల అవ్వ అనేవారు. అవ్వ అంటే మా దిక్కున అమ్మే. నేనొక్కణ్ణే మొదటి రోజు నుంచీ "అత్తమ్మా" అని పిలిచాను. వారం రోజులు ఊరుకుని, ఎనిమిదో రోజు ఇడ్లీ వడ్డిస్తూ అడిగింది.

"అందరికి అవ్వనే అయిన. నీ ఒక్కనికే అత్తమ్మనెట్లయిన బిడ్డా?"

"మర్యాద కోసం అత్తమ్మా."

"నీ మర్యాద నా మొఖం దిక్కు చూస్తలేదు. రోలు దిక్కు చూస్తున్నది."

రోలు దగ్గర ఆమె చిన్న కూతురు పచ్చడి నూరుతోంది. బెంచీల మీదున్న నలభై మందీ గొల్లున నవ్వారు. (నాలుగు బెంచీల మీద నలభై మంది పట్టరు. పన్నెండు మంది.) ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఇంకో రెండు మిరపకాయలు వేసి నూరింది. ఆ పచ్చడి నా ప్లేట్లోకే వచ్చింది.

ఆ హోటల్లో గడియారం లేదు. అత్తమ్మకు గడియారం జపమాలే. చాయ్ మరగాలంటే పది పూసలు, అంటే మరియమాతకు చెప్పే మంగళవార్త జపాలు పది. ఇడ్లీ ఉడకాలంటే ముప్ఫై. ఆమ్లెట్టు తిరగెయ్యడానికి యేసు నేర్పిన పరలోక జపం ఒకటి చాలు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కళ్లతోనే కసురుకునేది, లెక్క తప్పితే ఇటు దేవునికీ అటు గిరాకీకీ అన్యాయం కదా. పండుగలు దగ్గర పడితే భక్తి ముదిరి జపం నెమ్మదించేది, చాయ్ చిక్కబడేది. చాయ్ తాగి షిఫ్టుకు పోయే ప్రతివాడి వీపు వెనకా, వాడు మల్లన్నకు మొక్కేవాడైనా, నమాజు చేసేవాడైనా, గాలిలో ఒక సిలువ గీసేది. నేను సంచీ మర్చిపోయానని నెపం పెట్టుకుని వెనక్కొచ్చి, రోజూ రెండు సిలువలు గీయించుకునేవాణ్ణి.

ఆ ఏడు ధైర్యం చేసి పిల్లనిమ్మని అడిగేశాను. మా అమ్మానాన్నల మతమూ అదే కాబట్టి ఆ చిక్కు లేదు. అత్తమ్మ పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ అంతా విన్నది.

"పని చేస్తవ్. తాగవ్. ఎప్పుడన్న ఒకసారి పూజకొస్తవ్. అన్నీ మంచిగనే ఉన్నయ్. కని నీ నోట్లకెళ్లి నిజమొస్తదా? వట్టి గప్పాలు. మా ఇంటాయన గిట్లనే, రక్తం పడుతున్నా 'ఏం కాలే, ఏం కాలే' అనుకుంట ఆరు నెలలు బొగ్గుబాయిలకు దిగిండు. నాకు తెలిసేటాళ్లకు దవాఖానోళ్లు చేతులెత్తేసిండ్రు. బాయి పని చేసేటోడు ఇంట్ల అబద్దమాడొద్దు పిల్లగా. తపస్సు కాలం నలభై దినాలు ఒక్క గప్ప కొట్టకుండ ఉండు. ఈస్టర్ పండుగనాడు మాట్లాడుదాం."

"నలభై ఏంది అత్తమ్మా, నాలుగు వందల దినాలైనా ఉంట" అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. అప్పటికే ఒకటి కొట్టేశానని నాకు తట్టలేదు.

తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. పోయినేటి మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చిన బూడిదతో ఫాదర్ అందరి నొసళ్ల మీదా సిలువ గీస్తారు, మట్టి నుంచి వచ్చావు, మట్టిలోకే పోతావని గుర్తుచేస్తారు. (రోజూ ఒక షిఫ్టు మట్టిలోకి పోయి వచ్చే మాకు అది వేరే గుర్తుచెయ్యాలా అని అప్పట్లో నా తెలివి.) పూజ పొద్దున ఐదున్నరకు. రేపటి నుంచి నలభై రోజులు మాంసం ముట్టేది లేదు కదాని మంగళవారం రాత్రి నేనొక్కణ్ణే ఒక మేకను తిన్నాను. (మూడు ప్లేట్లు.) ఫలితంగా కళ్లు తెరిచేసరికి ఆరున్నర. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ గుడికి పరుగెత్తితే తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి, ఆవరణలో పిట్ట మనిషి లేడు. పూజ అయిపోయి అందరూ వెళ్లిపోయారన్నమాట! మొదటి రోజే, మొదటి గంటలోనే నా పెళ్లి అటకెక్కింది.

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. బూడిదకు ఏం కరువు? అత్తమ్మ హోటల్ వెనకాలే పొయ్యి బూడిద కుప్ప ఉంది. వంటింటి కిటికీ రెక్క ఒకటి కొంచెం తెరిచి ఉంది గాని అలాంటి సమయంలో కిటికీలను ఎవరు లెక్కచేస్తారు? ఒక చిటికెడు తీసి, ఉమ్మి తడి చేసి, నొసటి మీద చక్కని సిలువ గీసుకున్నాను. ఫాదర్ కంటే నేనే నిండుగా గీశానని ఈ రోజుకీ నా అభిప్రాయం.

ఛాతీ విరుచుకుని ముందు తలుపు నుంచి వచ్చాను. గుడిలో పాటలు పాడే మీసాల కాక బెంచీ మీద చాయ్ తాగుతున్నాడు. నొసలు బోడిగా ఉంది. "ఏంది కాకా, అప్పుడే తుడిచేసుకున్నవా? గంట సేపన్నా ఉంచుకోవద్దా?" అని మందలించాను. కాక చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆపి నన్ను అట్లాగే చూశాడు. చూస్తే ఒక్క నొసటి మీదా బూడిద లేదు. జనంలో భక్తి ఎంత తగ్గిపోయిందని మనసులోనే బాధపడ్డాను.

అత్తమ్మ పూసలు తిప్పడం ఆపకుండానే అడిగింది. "పోయొచ్చినవా?"

"ముందు వరసలనే కూసున్న అత్తమ్మా."

"ఫాదర్ ప్రసంగం ఏం చెప్పిండు?"

అక్కడితో ఆగినా సరిపోయేది. కాని ప్రసంగం అన్నాక నాకు ఊపొచ్చింది. ఫాదర్ నిజాయితీ గురించి అరగంట చెప్పారన్నాను. అబద్ధమాడే నాలుకను నిప్పుతో పోల్చారన్నాను. చెబుతూ చెబుతూ ఫాదర్ కళ్లనీళ్లు పెట్టుకున్నారని, నేను కూడా పెట్టుకున్నానని అన్నాను. (ఇది చెప్పేటప్పుడు నా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అంత బాగా చెప్పాను.)

పది పూసలూ పూర్తయ్యాయి. అత్తమ్మ చాయ్ దించింది.

"ఫాదర్ మోటర్ సైకిల్ మంచిర్యాలల చెడిపోయింది. పూజ సాయంత్రానికి మార్చిండ్రు. పొద్దుగాల ఐదున్నరకు గుడికాడనే కబురొచ్చింది. అందరం వాపస్ వచ్చినం." నా నొసటి దగ్గరకు వంగి చూసింది. "ఇంకోటి. పూజ విభూది నల్లగుంటది. నీది ఎర్రగున్నది. ఇది నా పొయ్యి బూడిద. పదేండ్లసంది ఎత్తిపోస్తున్న, నాకెర్కలేదా?"

మీసాల కాక నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాడు. రోలు చప్పుడు ఆగిపోయింది. నేను తల దించుకుని "ఇగ మాట్లాడుడు లేదా అత్తమ్మా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె జపమాల పైకెత్తి చూపించింది. "షిఫ్టు దిగంగనే రోజు ఇక్కడికి రా. నేను చాయ్ పెట్టి పది పూసలు తిప్పుత. ఆ పది పూసలసేపు ఆ దినం ఏం జరిగిందో అదే చెప్పాలె. ఒక్క మాట కలిపినా రేపటికెళ్లి రావద్దు."

మొదటి రోజు "డ్యూటీకి పోయిన. బొగ్గు ఎత్తిన. వచ్చిన" అన్నాను. రెండు పూసలైనా తిరగలేదు. మిగతా ఎనిమిది పూసలసేపు నేనూ, మీసాల కాకా, పొయ్యి మీది చాయ్ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. జరిగింది జరిగినట్టు చెప్పడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు. నా జీవితంలో అసలు ఏమీ జరగడం లేదని కూడా అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి నాలుగు పూసలకు ఎగబాకాను, మూడో వారానికి ఆరుకు. లాంతరు పట్టుకోవడం రాక తిట్లు తిన్నది చెప్పాను. సద్ది గిన్నె మూత రాక ఆకలితో ఉన్నది చెప్పాను. విచిత్రమేమిటంటే, నా గప్పాలకు నవ్వని ఆ రోలు దగ్గరి పిల్ల వీటికి నవ్వడం మొదలుపెట్టింది.

పండుగకు ముందటి శనివారం షిఫ్టు దిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. అత్తమ్మ చాయ్ పెట్టి మొదటి పూస పట్టుకుంది. ఆ పూట గనిలో జరిగినదానికి, ఇంకెప్పుడైనా అయితే ఐదుగురిని భుజాల మీద మోసుకొచ్చి కాపాడానని చెప్పేవాణ్ణి.

"పైకప్పు చప్పుడైంది అత్తమ్మా. మన్ను రాలింది. నాకు భయమైంది. గిన్నె ఆడనే పడేసి ఉరికిన. ఎవ్వలనూ పిలవలే. కొంచెంసేపటికి అందరు మెల్లగ వచ్చిండ్రు, ఏం కూలలే. అందరు నన్ను చూసి నవ్విండ్రు."

"భయపడి ఉరికినవా?"

"ఉరికిన. అందరికన్న ముందుగాల నేనే."

ఆమె వేళ్ల మధ్య పూస కదలలేదు. చాయ్ పొంగి నిప్పుల మీద పడి బుస్సుమన్నది. ఇన్నేళ్లలో ఆమె లెక్క తప్పడం హోటల్లో ఎవరూ చూడలేదు.

"గట్లనే ఉరుకాలె బిడ్డా," అంది. "ఎప్పుడు గట్లనే ఉరుకాలె. ఉరికొచ్చి గిట్లనే చెప్పాలె." కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ అని అబద్ధమాడకుండా, అట్లాగే ఇంకో చాయ్ పెట్టింది.

పండుగనాడు మాట్లాడుకున్నాం. అంతకంటే చెప్పేదేముంది.

అత్తమ్మ తొంభై దగ్గరపడే దాకా బతికింది. చివరిదాకా మా ఇంటి గ్యాసు పొయ్యి ముందు కూడా పూసలు తిప్పే చాయ్ పెట్టింది. ఆమె పోయిన నలభై రోజులకు, బూడిద రంగు చూసి దొంగను పట్టిన ఆమె కన్ను గురించి నేను బంధువులకు గొప్పగా చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి అడ్డొచ్చింది.

"ఎర్రగ లేదు, ఏం లేదు. నీ చెమటకు బూడిదంత మురికైపోయింది, రంగెక్కడ తెలుస్తది? నువ్వు కుప్పకాడ కూసొని ఉమ్మేసుకునుడు కిటికీలకెళ్లి నేను చూసిన. నేనే అమ్మకు చెప్పిన. అమ్మ నా పేరు రాకుండ గట్ల చెప్పింది."

అంటే అత్తమ్మ కూడా ఒక గప్ప కొట్టింది! నా మొదటి పేరా మళ్లీ దిద్దుకోవాలి, ఆ రోజుల్లో అబద్ధమాడనిది సైరన్ ఒక్కటే.

"నన్ను చేసుకునే పిల్లవు, నువ్వే పట్టిచ్చినవా?" అని అడిగాను.

"పట్టియ్యకపోతే ఆ నలభై దినాలు దొరకకుండ నెట్టుకొచ్చేటోనివి. తర్వాత నలభై ఏండ్లు నేను పడాలె కదా?"

అరిగిపోయిన ఆ జపమాల ఇప్పుడు మా ఆవిడ చేతిలో ఉంది. పొద్దున చాయ్ పెట్టి ఆమె పూసలు తిప్పుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని నేను నిన్నటి సంగతులు అప్పజెబుతాను. ఈ వయసులో జరిగేది తక్కువ కదా, మోకాలి నొప్పి, పేపరు, ఎదురింటి వాళ్ల కొత్త కుక్క, మూడు పూసలకే అయిపోతుంది. చాయ్ ఇంకా మరగదు. ఇద్దరం కాసేపు ఆ నీళ్ల వైపు చూస్తాం. అప్పుడు ఆమె కళ్లెత్తకుండానే అంటుంది.

"ఇంక ఏడు పూసలున్నయ్. కొట్టు ఒక గప్ప."

గొంతు సవరించుకుంటాను. "ఆ మంగళవారం రాత్రి నేనొక్కణ్ణే ఒక మేకను తిన్న..." అని మొదలుపెడతాను.