లెక్కలోకి రాని నెల

సక్కుబాయి మంత్రసాని. కొండాపూర్‌లో సగం ఊరి బొడ్లు ఆమె కోసినవే. నేను సర్కారు నర్సుగా ఆ ఊళ్ళో అడుగుపెట్టిన రోజు, "పెండ్లిగాని పిల్లవు, నువ్వేం కాన్పులు జేస్తవమ్మా!" అని అందరి ముందూ నవ్వింది. ఒళ్ళు మండిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆమె వెంట లేకుండా నేను ఏ గడపా తొక్కలేదు, అది వేరే సంగతి.

డెబ్బై రెండులో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తల్లికి ముప్పుంటే గర్భాన్ని దవాఖానలోనే తీస్తారు, ఎవరూ జైల్లో పెట్టరు అని ఇంటింటికీ చెప్పింది నేనే. సక్కుబాయి నమ్మింది. చాటుమాటుగా ఇచ్చే నాటుమందులన్నీ మానేసింది.

"ఇగ నా చేతులకు పాపం అంటదు," అని మురిసిపోయింది పిచ్చిది.

డెబ్బై నాలుగులో ఆమె చెల్లెలి కూతురు భూలక్ష్మికి ఐదోసారి కడుపొచ్చింది. నాలుగో కాన్పులో నెత్తురు ఆగక చచ్చి బతికిన మనిషి. "ఇంకోటైతే నేను బతకను పెద్దమ్మా," అని సక్కుబాయి కాళ్ళు పట్టుకుంది.

ఐదు నెలలు నిండకముందే తీసుకురమ్మన్నాను.

"నాలుగే నిండినయి నర్సమ్మా. పండుగ దినాల్ల గిసువంటి పని వద్దు. బతుకమ్మను సాగనంపినంక పోదాం," అంది.

సరే అన్నాను.

పండుగ కాగానే ముగ్గురం బస్సెక్కి పట్నం దవాఖానకు వెళ్ళాం. డాక్టరమ్మ పొట్ట చూసి, "ఇరవై రెండు వారాలు. చట్టం ఇరవై దాకానే," అంది. సక్కుబాయి వేళ్ళు మడిచి నెలలు చెప్పింది: జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఆ ఏడు భాద్రపదాలు రెండు. మొదటిది అధికమాసం. పెళ్ళిళ్ళూ పేరంటాలూ లేని ఆ నెలను ఆమె అసలు లెక్కే పెట్టలేదు.

"దేవుడే ఇడిసిపెట్టిన నెలను మీరెట్ల పట్టుకుంటరమ్మా?" అని అరిచింది.

నేను బతిమాలాను. పోయిన కాన్పు సంగతంతా చెప్పాను.

"ఇప్పుడు బాగానే ఉంది కదమ్మా. ప్రాణం మీదికొస్తే చట్టం అడ్డురాదు, అప్పుడు తీసుకురండి," అంది డాక్టరమ్మ.

ఏం చట్టం అండీ ఇది! మునిగేదాకా చూసి అప్పుడు చెయ్యి అందిస్తుందట. రాసినవాళ్ళ గోడకి క్యాలెండరుంది, భూలక్ష్మి గోడకి లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

బస్సు దిగాక భూలక్ష్మి ఒక్కటే అడిగింది. "నువ్వన్న చేస్తవా పెద్దమ్మా?"

"ఇంత పెద్ద కడుపు ముడితే నేనే సంపినట్టయితది బిడ్డా," అని సక్కుబాయి ఏడ్చింది.

ఎనిమిదో నెలలో నెత్తురు మొదలైంది. ఎడ్లబండి కట్టి రోడ్డు దాకా తెచ్చారు. బస్సు రాకముందే భూలక్ష్మి ప్రాణం పోయింది. మూడోనాడు పలకరించడానికి వెళ్ళాను. సక్కుబాయి వాకిట్లో కూర్చుని ఉంది. చట్టాన్నీ, ఆ డాక్టర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నా తిట్లు అయిపోయేదాకా ఆగి అంది:

"నాకు లెక్కలు రావు నర్సమ్మా. నీకొచ్చు గద. పండుగకు ముందు దాని కడుపు మీద ఒక్కపారి చెయ్యి పెట్టి ఎందుకు సూడకపోతివి?"