వరహాలు కట్టిన కోయిలేసం

వరహాలు ఆ మజ్జాన్నం కంప దాటి ఇంట్లోకి ఎల్లినాడని కొందరంటారు, ఎల్లనేదని కొందరంటారు. సూసినోలు ఒక్కులూ నేరు. సూసినామని ఒట్టేసినోలు మట్టుకు అక్కుపల్లి కాణ్ణించి పలాస టేసను దాకా ఉన్నారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడోలైతే, ఆడు నిజం కోయిలైపోయి రెక్కలు కొట్టుకుంటా ఇంటి కప్పు మీద వాలినాడని కూడా సెప్తారు. అంత దూరం మనకొద్దు. జరిగింది సెప్పుకుందాం.

ఆంధ్రా రాట్టం కొత్తగా వొచ్చిన రోజులు. అక్కుపల్లికి ఇవతల జీడితోటల మద్దిన ఒక ఊరు. ఆ ఊర్లో ఎండాకాలం అమ్మోరి సంబరానికి పులేసాలూ గిలేసాలూ కట్టరు, పిట్టేసాలే కడతారు. ఏసగాడి సేతికి గుడికాడ పసుపు తోరం కడతారు. కట్టినకాణ్ణించి ఆడు మనిషి కాడు. అంపకం నాడు, అంటే తల్లిని సాగనంపిన నాడు, తోరం కోసేదాకా ఆ పిట్ట గుణమే ఆడి గుణం. తప్పితే ఊరంతటికీ అమ్మోరు పోసేత్తాదని బయ్యం.

ఎవులికే పిట్టన్నది తేల్సీవోడు వరహాలే. కొబ్బరిసెట్లెక్కడం ఆడి పని. గెలకోసమని ఎక్కి, పైన కూకుని పిట్టల్ని సూసుకుంటా ఉండిపోయీవోడు. కింద పెళ్లాం జోగమ్మ మెడ పట్టీసీదాకా అరిసీది.

"ఒరే, నల్లంచి పిట్టంటే తోక నెగ్గొట్టుకు తిరగాల. అద్దంలో తన మొకమే సూసుకుని ఇంకోడనుకుని కలబడాల. నీ బావమరిదికి కట్టు, ఆడికి నేర్పక్కర్నేదు" అనీవోడు. పిగిలిపిట్ట ఏసగాడు నెత్తిన జుత్తు నిక్కబెట్టి, ఎనకాల ఎర్రగుడ్డ కట్టుకుని, ఎవులింట పనసతొనలున్నా అడక్కుండా తినీవోడు. గిజిగాడి ఏసం మరీ అన్నాయం. తాటాకుతో గూడల్లి గుమ్మాలకి ఏలాడగట్టాల, ఆడపిల్లలొచ్చి వొంక పెడితే నోరుమూసుకుని పీకి, మళ్లీ అల్లాల.

వరహాలు మట్టుకు ఏటా గోరింకే. గోరింక ఎవులి మాటైనా పలుకుతాది కదా, అందుకని పిట్టేసాలన్నిట్లో మాటాడ్డానికి దానికొక్కదానికే సెలవు. ఆడు కళ్లసుట్టూ పసుపు దిద్దుకుని ఈదిలోకొత్తే సగం ఊరు తలుపులేసుకునీది. ఎవులు ఎవులింటికి ఎల్లొచ్చినారో ఆలాల గొంతుకతోనే సెప్పీసీవోడు మరి. ఆడి కూతురు గౌరమ్మ, పాలపళ్లింకా ఊడని గుంట, ఎనకాలే నడిసి, "అయ్యా, అమ్మ తిట్టినట్టు తిట్టు" అనీది. తిట్టీవోడు. జోగమ్మ సీపురట్టుకునీది.

కోయిలేసం దానయ్యది. ఆడికి ఇల్లూ నేదు, ఇల్లాలూ నేదు. కోయిలి గూడు కట్టదు కాబట్టి కోయిలేసగాడు అంపకం దాకా సొంత గుమ్మం తొక్కకూడదు. పరాయోలింటి అరుగుమీద పెట్టింది తినాల. "కూ" అనడం తప్ప ఇంకో పలుకు పలక్కూడదు. ఇల్లు నేనోడికి అదేటి కట్టం. ఆ ఏడాది దానయ్య కలకత్తా జూటుమిల్లుకి ఎల్లిపోనాడు. కోయిలి నేకుండా సంబరమేటని ఊరు తలపట్టుకుంటే, వరహాలు నెగిసి "నాను కడతాను" అన్నాడు.

ఇంటికొచ్చినాక జోగమ్మ అడిగినాది. "పెళ్లాం బిడ్డున్నోడివి, నీకెందుకా పాడేసం?"

"గోరింకని సూసి అందరూ నవ్వుతారు. కోయిలి కూత్తే పని ఆపి ఇంటారు. ఒక్కేడాది నన్నలగ ఇనాలనుంది."

"నీ కూతకి ఎవుత్తి పడిపోవాలని?"

"నువ్వే పడు. ఎవులొద్దన్నారు."

జోగమ్మ నవ్వీసినాది. అక్కడే సెడిపోనాది.

తోరం కట్టిన మర్నాడే గౌరమ్మకి వొళ్లు కాలిపోనాది. తరవాత పొక్కులు. గుమ్మానికి ఏపమండలు కట్టీసినారు, పక్కింటోలు దారి మార్సుకున్నారు. పిల్ల కళ్లిప్పనేక, "అయ్యేడీ? గోరింకలాగ మాటాడమను" అని ఒకటే గొడవ.

వరహాలు వొళ్లంతా బొగ్గు పూసుకుని, కళ్లకి కుంకం దిద్దుకుని, ఇంటెనక కంపకి అవతల జీడికొమ్మ మీద కూకున్నాడు. కూత్తానే ఉన్నాడు. జోగమ్మ బయటికొచ్చినాది.

"నోపలికి రా. పిల్ల నిన్నడుగుతంది."

"కూ."

"పోనీ, అక్కణ్ణించే గోరింకలాగ ఒక్క మాట పలుకు. దానికి ఇనబడతాది."

ఆడు నోరు తెరిసినాడు. సేతి తోరం కేసి సూసినాడు. మళ్లీ "కూ" అనే వొచ్చినాది. ఆడి కన్నీళ్లకి బొగ్గు కరిగి సెట్టు మొదలు దాకా కారిందంటారు. అంత కాపోయినా మెడ దాకా కారుంటాది.

నోపల్నుంచి గౌరమ్మ అన్నాది. "అమ్మా, ఆ కోయిల్ని తోలీయే. అయ్య మాటాడితే ఇనబడదు."

జోగమ్మ రామూర్తి ఇంటికి పరిగెట్టినాది. ఆయన ఊరి పెద్ద, తోరం కట్టీదీ ఆయినే, కోసీదీ ఆయినే.

"మావా, ఆడి తోరం కోసీ. నా గుంట పోతంది. అయ్య మాట ఇనాలంటంది."

రామూర్తి సుట్ట పక్కనెట్టినాడు. "అమ్మీ, నీకొక్క గుంట. ఊర్లో ఎందరున్నారు? కోయిలి గూట్లో దూరిందని తల్లికి కోపమొత్తే ఆలందరికీ నువ్వు జవాబు సెప్తావా?"

"ఆడు నీ కొడుకైతే కొయ్యవా?"

"నా కొడుకు కోయిలి కట్టడు. ఇల్లున్నోడు కట్టకూడదని ఆడికి తెలుసు."

జోగమ్మ ఆయన కాళ్లట్టుకున్నాది. నుదురు నేలకి కొట్టుకున్నాది. ఆయన కత్తి తియ్యనేదు.

మండిపోతన్న ఇసకలో పడి తిరిగొచ్చేసరికి జీడికొమ్మ కాళీ. కూత నేదు. నోపల గౌరమ్మ పోయుంది. మెడ దాకా దుప్పటి కప్పుంది. తనే కప్పి ఎల్లినాదో, ఇంకోలు కప్పినారో జోగమ్మకి గేపకం రానేదు. సాప అంచున నల్లటి మరక. పొయ్యి మసో, ఒంటి బొగ్గో. ఎవులూ రాకముందే పైటకొంగుతో తుడిసీసినాది.

వరహాలు సరుగుడు తోటలో దొరికినాడు. సముద్రం ఒడ్డున పిల్లని పూడ్సినప్పుడు దూరంగా నిలబడ్డాడు. గుప్పిడు మన్నెయ్యమని పిలిత్తే "కూ" అన్నాడు. మగోలే మొకాలు తిప్పుకున్నారు.

అంపకం అయ్యేలోపు ఇంకొన్ని గుమ్మాలకి ఏపమండలు కట్టినారు. ఆ ఇళ్లలోనూ పిల్లలు పోనారు. కోయిలి గూట్లో దూరిందన్న మాట అప్పుడే నెగిసినాది. అంపకం నాడు రామూర్తి తోరం కోసి, అందరి ముందరా అడిగినాడు.

"వరహాలూ, నిజం సెప్పు. ఆ మజ్జాన్నం నువ్వు ఇంట్లోకి ఎల్లినావా, నేదా?"

ఎల్లినానంటే, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎదరే ఉన్నారు. ఎల్లనేదంటే, పక్కన జోగమ్మ ఉంది. ఆడు ఎవులికేసీ సూడనేదు.

"ఎల్లడవేటి మావా" అన్నాడు. ఇన్నాళ్లూ మాటాడని గొంతుక గరగరలాడింది. "నాను కోయిలి కట్టనేదు. దానయ్య కట్టుంటాడు, ఆణ్ణడుగు. నాకు పిట్టల గురించి ఏటీ తెలీదు. గౌరమ్మని నాకు పిల్లెవులూ నేరు. ఇదంతా ఎవులో పుట్టించినారు."