పుట్నాలకు అమ్మిన డైరెక్టరు

నా చిన్నప్పుడు నకిరేకల్ బజారులో నా అంత గొప్ప బేరం చేసినవాళ్లు లేరు. ఒక పాత పత్రిక ఇచ్చి గుప్పెడు పుట్నాలు, బెల్లంముక్క తెచ్చుకున్నాను. పత్రిక నాది కాదు, అదొక్కటే లోటు. మా బాపు కొట్టులో ఇస్తే ఎవరిదని అడుగుతాడని ఎదురు కొట్టులో పొట్లాలు కట్టుకోవడానికి ఇచ్చాను. అంత తెలివి నాది.

పత్రిక పక్కింటి అక్కది. తమ్ముళ్లు చింపేస్తారని నా దగ్గర దాచింది. అందులో ఒక అమెరికా సినిమా డైరెక్టరు జీవితం ఉంది. బడి పోటీలో ఆమె దాని మీదే మాట్లాడాలి. మొదటి బహుమతి వస్తేనే నల్లగొండ కాలేజీకి పంపుతానని, లేదంటే కుట్టుమిషను ముందు కూర్చోవాలని దర్జీ పని చేసే వాళ్ల అబ్బా తేల్చి చెప్పాడు.

మూడో రోజు అక్క పత్రిక అడిగితే ఒప్పుకోక తప్పలేదు. కొట్టలేదు. చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. పసుపు పొట్లాలు, జీలకర్ర పొట్లాలు విప్పించి కాగితాలు ఏరుకొచ్చాం. ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. అది ఎవరి పొయ్యిలోనో కాలిపోయిందట.

దర్జీ బల్ల మీద పరిచి అక్క చదివి చెప్పింది. ఒక కాగితం చివర ఆయన సినిమా నడవలేదు, స్టూడియోవాళ్లు గేటులోకి రానివ్వలేదు. తర్వాతి కాగితంలో ఆయన తల నెరిసింది, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. గెంటేసిన మనిషికి చప్పట్లెందుకో నాకేమీ అర్థం కాలేదు.

"మధ్యల ఏదో ఒకటి చెప్పక్కా. అమెరికా సంగతి గీడ ఎవలికి తెలుసు?" అన్నాను.

"నా పుస్తకం అమ్ముకున్నది సాల్లేదా పోరీ? ఇగ ఆయన బతుకు గూడ అమ్మాల్నా?"

పోటీ రోజు అక్క చక్కగా మాట్లాడుతూ ఆ చోటుకు వచ్చి ఆగింది. ఇక్కడ ఒక కాగితం పోయింది, ఆయన మళ్లీ ఎలా లేచాడో తనకు తెలియదు అంది. ఎవరు పోగొట్టారో చెప్పలేదు. బహుమతి ఇంకెవరికో పోయింది.

తెలంగాణ వచ్చింది, ఫోన్లు వచ్చాయి. ఆ డైరెక్టరు సంగతి వెతుకుతానని మనవరాలు అంటుంది. నోరు తిరగని ఆ పేరు నాకు అప్పుడే గుర్తుండలేదు. అక్క చేసింది పంతమో, పిచ్చితనమో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. కానీ బాపు తర్వాత నేను నడుపుతున్న కొట్టులో ఎవరైనా "గీ కందిపప్పు జల్ది ఉడుకుతదా?" అని అడిగితే, తెలియనప్పుడు నా నోటికి "తెల్వది" అనే వస్తుంది. సగం బేరాలు అక్కడే పోతాయి.

నిజం చెప్పాలంటే ఆ బెల్లం తియ్యగానే ఉండింది. నాకు దక్కింది గుప్పెడు పుట్నాలు, బెల్లంముక్క, ఆ ఒక్క మాట. మూడింటికీ కలిపి అక్క ఇచ్చుకున్నది ఒక కాలేజీ.