మబ్బు పట్టిన తెల్లవారుజాము

మబ్బు పట్టిన రోజు తెల్లారేసరికి మా పైవాటా పెద్దాయన డాబా మీద ఉండేవారు. మొక్కల కోసం కట్టిన తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి, ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోసేవారు. దూరంగా ఎల్‌బీ నగర్ మెట్రో కలలోలా జారిపోయేది.

"గా తొట్టిల చేపలేడున్నయ్ సార్?" అని వాచ్‌మన్ భార్య నవ్వింది.

"మబ్బేస్తే నీళ్లలో గాలి చాలదమ్మా. అవి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇలా పోస్తే గాలి కలుస్తుంది" అన్నారాయన.

కైకలూరు దగ్గర ఆయన చెరువులో చేపలన్నీ అలాంటి తెల్లవారుజామునే చచ్చి తేలాయట. ఆ పూట ఆయన నిద్రపోయారట.

మేం ఇల్లు మారే ముందు మళ్లీ మబ్బు పట్టింది. డాబా మీద ఆయన లేరు. ఆయన భార్య నీళ్లు పోస్తున్నారు.

"ఈ పూట చెరువు నేను చూస్తానన్నానండి" అన్నారావిడ, చెంబు ఆపకుండా. "ఇప్పుడే నిద్రపట్టింది ఆయనకి."