రెండు చెంపలకూ పసుపు

మనవరాలి మొగుడికి బట్టలు పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఎవరూ అడగలేదు. గిద్దలూరు పోలీస్ స్టేషన్లో మూడోసారి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, ఇకమీదట గొడవ పడకుండా కలిసి ఉంటామని రాయించుకుని సంతకాలు తీసుకుంటామన్నారు. మా పల్లెల్లో విడిపోయిన మొగుడూ పెళ్ళాం మళ్ళీ కలిస్తే, ఆడపిల్ల తరఫువాళ్ళు అల్లుడికి కొత్త బట్టలు పెట్టి, పిల్లకు పసుపు రాసి, ఒడి నింపి పంపుతారు. అట్లా పంపకపోతే కలిసినట్టు లెక్క కాదు. సంతకాలు పోలీసులకు. మాకు ఇదీ.

ఆ పిల్ల నా కూతురి కూతురు. తల్లి పోయేనాటికి దానికి ఐదేళ్ళు. తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రెండెకరాల మెట్ట చేలో కందులు, ఆముదాలు వేసుకుంటూ నేనే పెంచాను. నేను చదివింది మూడో తరగతి. దాన్ని మాత్రం ఇంటర్ దాకా చదివించాను. గిద్దలూరులో ట్రాలీ ఆటో తోలుకునే అతనికిచ్చి పెళ్ళి చేశాను. తాగడు, పేకాడడు అని విచారించుకునే చేశాను. కొడతాడా అని విచారించలేదు. అట్లా విచారించే అలవాటు మాలో లేదు.

పెళ్ళయిన రెండో ఏడు కొట్టడం మొదలుపెట్టాడు. పాప పుట్టాక ఎక్కువైంది. రెండుసార్లు అది మా ఇంటికి వచ్చింది, రెండుసార్లూ నేనే బస్సెక్కించి పంపాను. ఆ సంగతి దాచిపెట్టి మిగతాది చెప్పడం ఎందుకు. మూడోసారి అది నా దగ్గరకు రాలేదు. పాపను చంకనేసుకుని వార్డు సచివాలయానికి పోయి, అక్కడుండే మహిళా పోలీసుకు చెప్పుకుంది. ఆ అమ్మాయి కాగితం రాసి స్టేషన్‌కు పంపింది. స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది.

స్టేషన్లో ఈ పంచాయితీలు చూసేది ఒక హెడ్ కానిస్టేబులమ్మ. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. మా అల్లుడిని నిలబెట్టి అడిగింది.

"ఏమప్పా, కొట్టినావా?"

"కొట్టలేదు మేడం. చెయ్యి తగిలింది."

"ఎన్నిసార్లు తగిలింది?"

"అది ఎదురు మాట్లాడతాది మేడం. దాని నోరు ఊరుకోదు."

"నా నోరు దానికంటే పెద్దది. మా ఇంటాయనకు ఇంతవరకూ చెయ్యి తగల్లేదే!"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆమె మా పిల్ల వైపు తిరిగింది.

"నీకేం కావాల తల్లీ? కేసా, కాపురమా?"

పిల్ల నా వైపు చూసింది.

"కాపురమే," అన్నాను నేను.

వారానికి ఒకసారి రమ్మన్నారు. అందాకా పిల్లా, పాపా నా దగ్గరే ఉన్నారు. మొదటిసారి అతను తల వంచుకుని కూర్చున్నాడు. రెండోసారి, ఇంక చెయ్యి ఎత్తనని పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. మూడో వారానికి నాలుగు రోజుల ముందు మా ఇంటికే వచ్చి, స్టేషన్ మెట్లు ఎక్కించి పరువు తీశావని పిల్లను ఎడమ చెంప మీద కొట్టి పోయాడు. నేను చేనికి పోయి ఉన్నాను. వచ్చి చూసేసరికి కంటి కింద నుంచి దవడ దాకా వాచి ఉంది.

అప్పుడే స్టేషన్‌కు పోయి చూపించి ఉండాల్సింది. పిల్ల కూడా అదే అంది.

"పోదాం పా అవ్వా. ఇప్పుడే చూపిస్తే తెలుస్తాది."

"ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటే రాసుకుంటారు. రాసుకున్నాక వాడికి భయం ఉంటాది," అన్నాను.

ఆ మూడో వారం పొద్దున్నే దానికి తలస్నానం చేయించి, నేను పసుపు రాశాను. కమిలిన చోటు నాలుగో రోజుకు నలుపు పోయి పచ్చగా తిరుగుతుంది. ముద్ద పసుపు పట్టిస్తే అందులో కలిసిపోతుంది. ఆ సంగతి నాకు ఎట్లా తెలుసో ఇక్కడ చెప్పను. నేను ఏ వస్తువూ దండిగా వాడే మనిషిని కాను. స్నానానికి సబ్బుబిళ్ళను కూడా రెండు ముక్కలు కోసి వాడతాను. ఆ రోజు మాత్రం గిన్నెలో కలిపిన పసుపంతా దాని ముఖానికే రాశాను.

హెడ్ కానిస్టేబులమ్మ చూసి, "ఏంది అవ్వా, మళ్ళా పెళ్ళికూతుర్ని చేసినావే!" అంది. నేను నవ్వాను. సంతకాలయ్యాయి. స్టేషన్ బయట అతనికి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ పెట్టాను. పిల్లకు ఒడి నింపాను. అతని తమ్ముడు ఫోన్లో ఫోటో తీస్తానన్నాడు. పిల్ల మొహం ముడుచుకుని నిలబడింది. "నవ్వు," అన్నాను. నవ్వింది.

వాళ్ళ ఫైలు ఆ రోజుతో మూసేశారు.

నలభై రోజులకు అది ఒక్కతే బస్సు దిగింది. కుడి చేతిని చున్నీతో మెడకు కట్టుకుని ఉంది. మణికట్టు విరిగింది. మూడేళ్ళ పాప చంకలో లేదు. పాపను అత్త లాక్కుని తలుపేసుకుందని చెప్పింది. గవర్నమెంటాస్పత్రిలో డాక్టరు ఎట్లా విరిగిందని అడిగితే ఈసారి నేను నోరు తెరవలేదు. అదే చెప్పింది. అది చెప్పినట్టే రాసుకున్నారు. స్టేషన్లో కేసు కూడా కట్టారు. పాప సంగతి అడిగితే, "పిల్ల కన్నతండ్రి కాడే ఉండాది గదవ్వా, మేమెట్ల తెస్తాం? దానికి కోర్టే," అన్నారు.

కోర్టుకు పోవాలంటే ముందు మార్కాపురంలో ఇట్లాంటి కేసులు చూసే మేడం దగ్గర రిపోర్టు రాయించుకోవాలన్నారు. పోయాం. ఆమె ముందు పెద్ద ఫారం ఉంది. ఒక్కొక్కటే చదువుతూ పోయింది. చెంప మీద కొట్టుట. తన్నుట. నెట్టుట. కొరుకుట. జుట్టు పట్టి ఈడ్చుట. మా పిల్ల రేషన్ షాపులో పేరు పిలిస్తే పలికినట్టు "ఆఁ, ఆఁ" అంటూ పోయింది. కొరుకుట దగ్గర మాత్రం "లేదు" అంది. మేడం అవునన్న ప్రతిదాని ఎదురుగా టిక్కు పెట్టింది. పాప కావాలని, అతను మా ఇంటి వైపు రాకూడదని కింద రాసింది.

"ఎన్నాళ్ళు పడతాదమ్మా?" అని అడిగాను.

"చట్టం ప్రకారం అరవై రోజుల్లో తేల్చాలి."

"అయితే ఎండాకాలం లోపల పాప వచ్చేస్తాది."

ఆమె ఫారం మీద నుంచి తల ఎత్తింది. "ఏ ఎండాకాలమో నేను చెప్పలేనవ్వా."

గిద్దలూరు కోర్టులో మొదటి మూడు వాయిదాలకు అతనికి నోటీసు అందలేదు. ఇంట్లో లేడని రాసి తిప్పి పంపారు. ఆటో మాత్రం రోజూ బజార్లో తిరుగుతూనే ఉండేది. తర్వాత అతని వకీలు గడువు అడిగాడు. తర్వాత మేజిస్ట్రేటు బదిలీ అయిపోయాడు. కొత్తాయన వచ్చేదాకా పిలవడం, తేదీ వేయడం, ఇంటికి రావడం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేకుండా చేశారు గానీ, లేకపోతే ఇన్ని వాయిదాలకు నేను పోయేదాన్ని కాదేమో. వాయిదా ఉన్న రోజు పిల్ల ముందుగా పాప పోయే అంగన్‌వాడీ దగ్గరకు పోయి కిటికీలోంచి చూసి వచ్చేది. ఒకరోజు పాప కూడా చూసి, పక్కనున్న పిల్లను "ఎవరు ఆమె?" అని అడిగిందట. ఆ సంగతి బస్సులో చెప్పింది. చెప్పి ఆధార్ కార్డు కోసం సంచి వెతుక్కుంది. తర్వాత అత్తకు తెలిసి పాపను అంగన్‌వాడీకి పంపడం మానేసింది.

అతని తరఫు వాదన ఒకటే. ఏ రోజూ కొట్టలేదు, మణికట్టు స్నానాల గదిలో జారిపడితే విరిగింది, ఈమె అబద్ధాలకోరు, ఇట్లాంటి తల్లికి పిల్లనివ్వకూడదు. దానికి సాక్ష్యంగా ఆ ఫోటో పెట్టారు. నాలుగు రోజుల ముందు చెంప వాచేట్టు కొట్టాడని చెప్పిన మనిషి నవ్వుతూ, మచ్చ లేని మొహంతో, మొగుడి పక్కన ఎట్లా నిలబడిందని.

నేను రెండో సాక్షిని. మాకు కోర్టువాళ్ళే ఉచితంగా ఇచ్చిన వకీలమ్మ చిన్నపిల్ల. వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

"ఫోటో చూపిస్తారు అవ్వా. పసుపు సంగతి ఎత్తొద్దు. మచ్చ దాచిపెట్టామంటే మనమే పోలీసులను మోసం చేసినట్టు. గుర్తు లేదు అనండి. పెద్దవయసు, నమ్ముతారు."

సరేనన్నాను. మా పిల్ల ఆ పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది. విన్నదో లేదో తెలియదు.

లోపల ప్రమాణం చేయించారు. అతని వకీలు పెద్దాయన. ఫోటోను పెద్దది చేయించి తెచ్చాడు.

"ఇందులో ఉన్నది మీ మనవరాలే కదా పెద్దమ్మా?"

"ఆ పిల్లే."

"నవ్వుతోంది కదా?"

"నవ్వమంటే నవ్వింది."

"ఎవరు నవ్వమన్నారు? నా క్లయింటు బెదిరించాడా?"

"లేదు. నేనే నవ్వమన్నా."

ఆయనకు సంతోషమయింది. ఫోటోను నా మొహం దగ్గరకు తెచ్చాడు. "ఈ ఎడమ చెంప మీద దెబ్బ తాలూకు గుర్తు ఏదైనా ఉందా? నిదానంగా చూడండి. కళ్ళజోడు కావాలంటే నాది ఇస్తా."

వెనక ఎవరో నవ్వారు. గుర్తు లేదు అనాల్సింది ఇక్కడే. మా వకీలమ్మ నా వైపే చూస్తోంది.

"నీ కళ్ళజోడు నీ కాడే పెట్టుకో నాయనా. దెబ్బ కనపడదు. కనపడకుండా పసుపు రాసినా."

"పసుపు శుభానికి కదా రాస్తారు?"

"శుభానికీ రాస్తారు. ఆ పొద్దు దెబ్బ కప్పడానికి రాసినా."

"అంటే పోలీసుల కళ్ళు కప్పారు."

"కప్పినా."

"అప్పుడు మోసం చేసినవారు ఇప్పుడూ చేస్తుండొచ్చు కదా?"

"చెయ్యొచ్చు. దాన్ని తేల్చాల్సింది నువ్వు కాదు, ఆ కూర్చున్నాయన."

మేజిస్ట్రేటు అంతవరకూ తల ఎత్తలేదు. ఫోటో తెప్పించుకుని చూశాడు. ఒకే మాట అడిగాడు.

"దెబ్బ ఎడమ చెంప మీద అంటున్నారు. ఫోటోలో రెండు చెంపలకూ పసుపు ఉంది. ఎందుకు?"

"ఒక్కదానికే రాస్తే తెలిసిపోతాది గదయ్యా."

ఆయన టైపు కొట్టే ఆమెకు నిదానంగా చెప్పి రాయించాడు. నాకు చదివి వినిపించారు. నేను అన్నదే ఉంది. కింద నా పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. వెనక ఇంకో కేసువాళ్ళు నిలబడి ఉన్నారు, తొందరగా కానీమన్నారు.

బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాం. వకీలమ్మ మాతో మాట్లాడకుండా వేరే కోర్టుకు పోయింది. మా పిల్ల సీసాలో నీళ్ళు తాగి నాకిచ్చింది.

"ఆ పొద్దు చానా మండిందవ్వా."

"చెప్పలేదేం?"

"చెప్తే ఆపేదానివా?"

"ఆపేదాన్ని కాదు," అన్నాను.

తల ఊపింది. బస్సుకు ఇంకా టైముందని అంది.

ఇంకో నాలుగు వాయిదాలకు ఆర్డరు వచ్చింది. పాపను తల్లికి అప్పగించాలి, అతను మా ఇంటి దరిదాపులకు రాకూడదు. తన తప్పు తానే చెప్పుకున్న సాక్షి మాట నమ్మవచ్చని అందులో రాశారట. వకీలమ్మ ఫోన్లో చదివి వినిపించింది. అరవై రోజులన్నది ఏడాదిన్నర దాటింది. మణికట్టు విరగ్గొట్టిన కేసు ఇంకా మొదలే కాలేదు.

అప్పగింత స్టేషన్లో. ఆ హెడ్ కానిస్టేబులమ్మ ఎక్కడికో బదిలీ అయింది, కొత్తామె ఉంది. మార్కాపురం మేడం వచ్చింది. అతను రాలేదు, వాళ్ళమ్మ పాపను తీసుకొచ్చింది. బట్టలు ఒక కవర్లో పెట్టి బల్ల మీద పెట్టింది. పాప ఎత్తు పెరిగింది. ఆ అవ్వ చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని ఉంది.

"పో, మీ అమ్మంట," అంది అతని తల్లి. "కోర్టు ఇచ్చిన అమ్మ."

 మేడం ఒక కాగితం ఇచ్చింది. ఒక ఆడపిల్లను ఆరోగ్యంగా ఉండగా అప్పగించుకున్నానని అందులో ఉంది. మా పిల్ల సంతకం పెట్టింది, సాక్షిగా నేనూ పెట్టాను. కొంగును పాప గుప్పిట్లోంచి తీయడానికి కొత్త కానిస్టేబులమ్మ ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. పాప అరవలేదు. అరిస్తే బాగుండేదేమో అనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఎన్ని రోజులకు మళ్ళా మా అవ్వ కాడికి పోతాం?" అని నన్నడిగింది. తల్లిని అడగలేదు.

పాప వచ్చి నాలుగు నెలలవుతోంది. నేను పెడితే అన్నం తింటుంది. తల దువ్వడానికి తల్లి దగ్గరకు వస్తే కదలకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. దువ్వడం అయ్యాక లేచి దూరంగా పోతుంది. తల్లిని ఏమని పిలవాలో తెలియక దగ్గరకు వచ్చి నిలబడి, అది చూసేదాకా ఊరుకుంటుంది. నీళ్ళు కావాలన్నా అంతే. మా పిల్ల చూసి, నీళ్ళు ముంచి ఇస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు.

ఇరుగుపొరుగువాళ్ళు నన్ను తిడతారు. "పెద్దదానివి, అమ్మా అని పిలువని నాలుగు గదమాయించరాదా?" అంటారు. నేను గదమాయిస్తే పిలుస్తుంది. ఈ ఇంట్లో నా మాట వినని ఆడపిల్ల ఇంతవరకూ లేదు. అందుకే చెప్పడం లేదు.

వాళ్ళు అప్పీలు వేశారు. పాపను తిరిగి ఇప్పించమని. వచ్చే నెల వాయిదా ఉంది. పాప ఎవరి దగ్గర ఉంటానంటుందో ఈసారి దాన్నే అడుగుతారేమోనని వకీలమ్మ చెప్పింది. మా పిల్ల ఆ మాట విని, చేతిలో ఉన్న గిన్నెలు తోమడం పూర్తిచేసి బోర్లించింది. పాప గడప మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.