ఎడమ మణికట్టు మీద మచ్చ

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. రాజోలులో కిరాణా కొట్టు వెనక గదిలో పెరిగాను. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే బియ్యాన్నే నమ్మను, దెయ్యాల్ని ఏం నమ్ముతాను?

నాకు ముందు మా అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టి, ఏడాదిన్నరకే పోయింది. తర్వాత నేను పుడితే ఆ పేరే నాకు పెట్టారు. బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరుగారు పుట్టుమచ్చలు అడిగారట. కొట్లో బేరం మధ్యలో వదిలి వచ్చిన నాన్న, నా వైపు చూడకుండానే "ఎడం మణికట్టు మీదండీ" అనేశారు. అది అక్క మచ్చ. నాకు అక్కడేమీ లేదు. అదే నా పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కింది.

ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు. ఆధార్ వాళ్లు వేలిముద్రలూ కళ్లూ తీసుకున్నారు గాని మచ్చ జోలికి పోలేదు.

కిందటేడు మస్కట్‌లో మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురుడు పొయ్యడానికి నేను తప్ప ఎవరూ లేరు. పాస్‌పోర్టుకి పెట్టాను. ఎంక్వయిరీకి వచ్చేవాళ్లు మచ్చ కూడా చూస్తారని పక్కింటావిడ చెప్పింది. కాగితంలో ఉండి ఒంటిమీద లేకపోతే నా ప్రయాణం ఆగినట్టే.

నకిలీ సరుకుకి లేబుల్ అంటించే తెలివి నాకు లేకపోలేదు. ఎంక్వయిరీ రోజు ఉదయం కిటికీ వెలుగులో మణికట్టు చూసుకున్నాను. ఖాళీ. కాటుకతో చుక్క పెట్టాను.

వచ్చిన లేడీ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని ఫక్కున నవ్వింది.

"కాటుకండీ ఇది?"

"దిష్టి తగలకుండానమ్మా."

"యాభై ఏళ్లకి దిష్టేంటండీ బాబూ!" అంటూ తడిగుడ్డతో తుడిచేసింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆయ్, ఉందండీ. ఉన్నదాని మీద మళ్లీ కాటుకెందుకండీ?" అని రాసుకుని వెళ్లిపోయింది.

సబ్బు పెట్టి రుద్దాను. కొబ్బరినూనె రాసి చూశాను. పోలేదు.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చెయ్యి కొంగులో దాచుకుని, అక్క మచ్చ ఎలా ఉండేదని అడిగాను.

"ఆవగింజంతే. దాని కింద నువ్వుగింజలో సగం ఇంకోటి ఉండేదే. మీ నాన్నకి అదేం తెలుసు? నీళ్లు పోసేదాన్ని నేను కదా!"

లోపలికెళ్లి కిటికీ దగ్గర చూసుకున్నాను. రెండోదీ ఉంది.

అమలాపురంలో చర్మం డాక్టరుగారు, ఈ వయసులో మచ్చలు వస్తుంటాయన్నారు. ఒకే ఉదయం, కాటుక కిందే, జంటగా వస్తాయా అంటే నవ్వారు. ఆ రోజు ఫీజు తగ్గించమనడం కూడా మర్చిపోయాను. మా ఇంట్లో అందరికీ వింతగా తోచింది అదొక్కటే.

పాస్‌పోర్టు వచ్చింది, మస్కట్‌లో పురుడు చల్లగా జరిగింది. మనవరాలికి నీళ్లు పోస్తుంటే తడి చేతి మీద రెండూ నల్లగా మెరిసేవి. ఎలా వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్లు అక్క పేరు వాడుకున్నాను. ఆ రెండు మచ్చలే, నా జన్మలో బేరమాడకుండా తీసుకున్నవి.