నీ కంప్యూటర్లో గూడ చూడన్నా

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో నంద్యాలలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేవాణ్ణి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసేవాళ్లం. ఒక కంప్యూటర్ మీద నేను, ఇంకోదాని మీద శిరివెళ్ల నుంచి బస్సులో వచ్చే సుగుణ. ఆమె చేస్తే అక్షరం తప్పు దొర్లేది కాదు. వచ్చినవాళ్లు ఆమెనే అడిగేవాళ్లు. అది నాకు గిట్టేది కాదు.

నాది పుట్టు అనుమానం. టీ తెచ్చినవాడు నవ్వినా, ఎందుకు నవ్వాడా అని చూసే రకం. ఆళ్లగడ్డలో మాలాంటిదే కొత్త షాపు పడ్డాక అటువైపు నుంచి వచ్చే గిరాకీ మాకు తగ్గింది. మన డిజైన్లు ఎవరో అక్కడికి చేరవేస్తున్నారని ఓనరుతో నేనే అన్నాను. అన్నాక, ఎవరో తేల్చాలి కదా?

మేం వాడే సాఫ్ట్‌వేర్ మన అలవాట్లన్నీ ఒక మూల దాచుకునేది. ఏ ఫాంటు, ఎంత మార్జిను, చివరగా ఏ ఫైళ్లు తెరిచాం. వాటినే ప్రిఫరెన్సెస్ అంటారు. సుగుణ భోజనానికి పోయినప్పుడు, కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే చిన్న స్క్రిప్ట్ రాసి ఆమె కంప్యూటర్లో వాటిని చదివించాను. తెర మీద ఆళ్లగడ్డ షాపు పేరుతో ఫోల్డరు, దాని కింద పెళ్లి పత్రికల పేర్లు. అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, సంతోషం.

ఆమె రాగానే ఓనరును పిలిచి చూపించాను.

"ఏందీ సుగుణా ఇది? ఆళ్లగడ్డోళ్ల ఫైళ్లు ఈడ ఏం చేస్తాండాయ్?" అన్నాడాయన.

"నాకు తెల్దు సార్. ఆ షాపు యాడుందో గూడ తెల్దు." ఆమె నావైపు తిరిగింది. "అన్నా, నీ కంప్యూటర్లో గూడ ఒకసారి చూడన్నా."

"నన్నే అనుమానిస్తాండావా?" అని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటోందని ఓనరుతో అన్నాను. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. ఊళ్లో మరే సెంటరూ తీసుకోలేదు. ఆ కబురు అందరికీ చేరింది. చేర్చింది నేనే.

కానీ ఆమె మాట నన్ను వదల్లేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు అదే స్క్రిప్ట్ నా కంప్యూటర్లో నడిపాను. అదే ఫోల్డరు. అవే పేర్లు.

అప్పుడు గుర్తొచ్చింది. ఓనరుకు చెప్పకుండా ఆళ్లగడ్డ షాపుకు ప్రింటరు బాగుచేయడానికి పోయింది నేను. వాళ్ల సెట్టింగులు నచ్చి, ఆ ప్రిఫరెన్సెస్ ఫైలు ఫ్లాపీలో తెచ్చి మా రెండు కంప్యూటర్లలోనూ వేసింది నేను. వాళ్లు తెరిచిన ఫైళ్ల పేర్లు దాంతోపాటే వచ్చాయి. పేర్లే, ఫైళ్లు కాదు. ఆ రోజు ఒక్కటి తెరవబోయినా అక్కడేమీ లేదని తేలిపోయేది. ఎందుకు తెరవలేదు? నిజంగా మరిచిపోయానా, మరిచిపోవాలనుకున్నానా? ప్రపంచం మీద ఇన్ని అనుమానాలు పడ్డవాణ్ణి, ఈ ఒక్కటీ తీర్చుకోలేకపోయాను.

నా కంప్యూటర్లోంచి ఆ పేర్లు చెరిపేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కొన్నేళ్లకు బేతంచెర్లలో బస్సు కిటికీలోంచి ఆమెను చూశాను. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ముందు నిలబడి ఉంది, తలంతా రాతి దుమ్ము. ఆ వేళ్లు కీబోర్డు మీద ఎంత చక్కగా ఆడేవో నాకు తెలుసు. బస్సు ఆగింది. నేను దిగలేదు.

మీరు క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. ఆమె అడిగినదానికి జవాబు ఒక్కసారైనా బయటికి అనాలి, అంతే.

చూసినా సుగుణా. నాదాంట్లో గూడ ఉన్నింది.